వచ్చిపోయే ఇంజిన్ లోపం, ఓబీడీ స్కానర్: మూడు నెలల వాడకం తరువాత

పాత కారులో ఎప్పుడూ ఉండే లోపాన్ని పట్టుకోవడం అంత కష్టం కాదు. వచ్చిపోయే లోపమే యజమానినీ, మెకానిక్‌నూ అలసిపోయేలా చేస్తుంది. 2003 నాటి నా పెట్రోలు కారు అరగంట నడిచి బాగా వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోయేది, పావుగంట చల్లారనిస్తే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. గ్యారేజీకి చేరేసరికి చూపించడానికి ఏమీ మిగిలేది కాదు. స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్, చివరికి ఫ్యూయల్ పంపు కూడా కేవలం అనుమానం మీద మార్చిన తరువాత, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు నుంచి లోపాల కోడ్లనూ, సెన్సార్ల అంకెలనూ చదివి, బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపే చిన్న ఓబీడీ-2 స్కానర్ కొన్నాను.

కోడ్ చూడగానే పాడైన భాగం తెలిసిపోతుందని ఆశించి కొనేవారికి ఈ పరికరం నిరాశే మిగులుస్తుంది. చాలా లోపాలు వరుసగా రెండు ప్రయాణాల్లో కనబడితే తప్ప కంప్యూటరు చెక్ ఇంజిన్ దీపాన్ని వెలిగించదు కనుక, నా కారులో మొదటి రోజు ఒక్క కోడ్ కూడా దొరకలేదు. దీని అసలు విలువ, బండి నడుస్తుండగా సెన్సార్ల అంకెలను ఎడతెగకుండా నమోదు చేయడంలో ఉంది.

ఆరో రోజు ఇంజిన్ ఆగినప్పటి నమోదును ఇప్పటికీ దాచుకున్నాను. బండి ఇంకా గేరులోనే, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దొర్లుతుండగా ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య) ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. క్లచ్ నొక్కనంతవరకు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి కాబట్టి ఆ సున్నా నిజం కాదు. తిరుగుతున్న ఇంజిన్ కంప్యూటరుకు కనబడడం మానేసిందన్నమాట. స్కానర్‌తో సంబంధం తెగలేదు కనుక కంప్యూటరుకు కరెంటు అందుతూనే ఉంది. ఇంధనం అందక ఆగితే అంకె ఇలా ఒక్క గెంతులో సున్నా కాదు. ఇవన్నీ, ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటరుకు తెలిపే క్రాంక్ సెన్సార్ వైపే వేలు చూపాయి. మల్టీమీటరుతో చూస్తే, చల్లగా ఉన్నప్పుడు సుమారు 900 ఓములు చూపిన సెన్సార్, వేడెక్కాక తీగ తెగినట్టే చూపింది. కనెక్టరునూ, వైరింగునూ తనిఖీ చేసిన తరువాతే దాన్ని మార్పించాను.

ఈ స్కానర్ లోపాలు కూడా చెప్పాలి. నా కారు వయసు వాహనాల్లో సమాచారం మందకొడిగా వస్తుంది. పది అంకెలను ఒకేసారి అడిగితే ఒక్కొక్కటి చాలా ఆలస్యంగా మారుతుంది, అంతలో జరిగిన క్షణికమైన తేడా కనబడకుండానే పోతుంది. అందుకే ఆర్‌పీఎం, వేగం, కూలెంట్ ఉష్ణోగ్రత, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటరు ఇంధనాన్ని ఎంత సర్దుతోందో చూపే అంకె) అనే నాలుగింటితోనే సరిపెట్టుకున్నాను. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లను ఈ స్కానర్ చదవలేదు. కోడ్లు చెరిపే మీట యాప్‌లో చేతికి అందేంత దగ్గరలో ఉండడం నాకు నచ్చలేదు, ఎందుకంటే కోడ్‌తో పాటు లోపం పుట్టిన క్షణాన నిలిపి ఉంచిన ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలూ పోతాయి. ముందు వాటిని ఫొటో తీసి ఉంచుకోండి. తాళం తీసేసినా, స్కానర్‌ను గుచ్చే సాకెట్‌లోని 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది కాబట్టి, బండి రోజుల తరబడి కదలనప్పుడు స్కానర్‌ను ఊడదీయకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

సెన్సార్ మార్చాక మూడు వారాలపాటు అవే నాలుగు అంకెలు నమోదు చేశాను. ఎండలోనూ, రద్దీలోనూ ఆర్‌పీఎం గీత ఒక్కచోట కూడా తెగలేదు.