వర్క్ పర్మిట్ కాగితాలు చూసిపెట్టే సేవ: ఒక వినియోగదారు సమీక్ష

విదేశంలో ఉద్యోగం ఖాయమయ్యాక వీసా, వర్క్ పర్మిట్ పనులు స్వయంగా చూసుకోవాలా, ఫీజు చెల్లించి కన్సల్టెన్సీకి అప్పగించాలా అని చాలా రోజులు తర్జనభర్జన పడి, చివరకు అప్పగించాను. దరఖాస్తు నుంచి పర్మిట్ చేతికి వచ్చేదాకా ఏడు నెలలు పట్టింది. ఇది ఆ సేవ గురించిన సమీక్ష.

నాకు అన్నిటికన్నా నచ్చింది మొదటి సమావేశం. నా ఫైలు తీసుకున్న ఆమె దరఖాస్తు ఫారం జోలికి వెళ్లకుండా ముందు పాస్‌పోర్టు తెరిచారు. ఫొటో ఉన్న పేజీ అడుగున యంత్రాలు చదవడానికి ముద్రించే రెండు వరుసలను, ఒక్కోదానిలో 44 స్థానాలుండే ఆ వరుసలను, పెన్సిలు మొనతో అక్షరం అక్షరం పట్టి చూస్తూ డిగ్రీ పట్టాలోని పేరుతో పోల్చారు. పట్టాలో పొడి అక్షరంగా ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఇన్నేళ్లలో నేను గమనించని తేడా అది. "రెండు పేర్లూ మీవేనని అఫిడవిట్ ఇప్పుడే జత చేద్దామండీ, వాళ్లు అడిగేదాకా ఆగితే ఫైలు పక్కన పడిపోతుంది" అన్నారు. ఆ ఒక్క సలహాకే ఫీజులో సగం చెల్లుతుందని నా అభిప్రాయం.

మన పత్రాలు విదేశాల్లో చెల్లడానికి వేయించే అపోస్టిల్ దగ్గర మాత్రం కన్సల్టెన్సీ వాళ్లు తప్పు చేశారు. 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం ఇచ్చే ఈ ధ్రువీకరణలో వరుస సంఖ్యలతో పది అంశాలుంటాయి. పత్రం మీది సంతకం, ముద్ర నిజమైనవని చెప్పడమే దాని పని, లోపలి విషయానికి అది పూచీ పడదు. వాళ్లు పట్టాను ముందు అనువాదం చేయించి, ఆ తర్వాత మూలపత్రానికి అపోస్టిల్ వేయించారు. దాంతో అపోస్టిల్‌కు అనువాదం లేదని ఫైలు తిరిగొచ్చింది. అధీకృత అనువాదకుని దగ్గరకు మళ్లీ వెళ్లి వచ్చేలోగా, తీసుకున్న తేదీ నుంచి కొంతకాలమే చెల్లే పోలీసు క్లియరెన్స్ గడువు కూడా దాటిపోయింది. తప్పు వారిదైనా రెండో అనువాదం ఖర్చు నన్నే భరించమన్నారు. ఇది నాకు ఇప్పటికీ న్యాయంగా తోచడం లేదు.

ఇలాంటి సంస్థను ఎంచుకునేటప్పుడు కావలసిన పత్రాల గురించి వారి దగ్గరున్న జాబితా ఎంత తాజాదో చూడండి. కెనడాలో హేగ్ ఒప్పందం 2024 జనవరి 11న అమల్లోకి వచ్చింది, అప్పటి నుంచి రాయబార కార్యాలయం ముద్రకు బదులు అపోస్టిల్ చాలు. ఆ దేశానికి పట్టా పంపడానికి ఇంకా రాయబార కార్యాలయం ముద్ర కావాలని అలవాటుగా చెప్పేవారు పాత కాగితం చూసి మాట్లాడుతున్నట్టే. పర్మిట్ ఒకే యజమానికి కట్టుబడి ఉంటుందా, ఉద్యోగం మారితే కొత్తది తీసుకోవాలా అన్నది కూడా సంతకానికి ముందే అడగాలి. నేను అడిగేదాకా వారు చెప్పలేదు.

దరఖాస్తు స్థితి తెలుసుకోవడానికి విడిగా వసూలు చేసే ఫీజు అనవసరం. రసీదు సంఖ్యతో అదే సమాచారం నాకూ కనిపించింది. నిర్ణయం ఎప్పుడన్నది ప్రభుత్వ కార్యాలయం చేతిలోని పని, దాన్ని తొందరపెట్టగలమని చెప్పేవారిని నమ్మకండి.

పొడిగింపు దరఖాస్తు నేనే వేసుకుంటాను. కుటుంబాన్ని తీసుకురావడానికి మాత్రం పెళ్లి, పుట్టుక ధ్రువపత్రాలన్నిటిలో పేర్లు సరిపోల్చాలి కాబట్టి మళ్లీ ఆమె దగ్గరకే వెళతాను. ఈసారి ఏ కాగితం తర్వాత ఏది చేయించాలో, పొరపాటు జరిగితే ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాయించుకున్నాకే డబ్బు కడతాను.