సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు బయోస్ తెరిపించండి

కోనసీమ నుంచి రాజమండ్రి వెళ్లి పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లు కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. పోయిన నెల మా తమ్ముడి చదువు కోసం 19,000 రూపాయలు పెట్టి ఒకటి తెచ్చాం. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ 11 జాబితాలో ఈ ప్రాసెసర్ లేదు. అందుకే విండోస్ బదులు ఉబుంటు 24.04 (ఉచితంగా దొరికే ఒక రకం లైనక్స్) వేద్దామనుకున్నాం.

ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించాం, డిస్క్ మొత్తం చెరిపేశాం. ఇన్‌స్టాల్ సజావుగానే అయింది. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర మీద ‘నో బూటబుల్ డివైస్’. బయోస్ (విండోస్, లైనక్స్ కంటే ముందే లేచే, మదర్‌బోర్డులో ఉండే ప్రోగ్రాం) సెట్టింగులు చూద్దామని ఎఫ్2 నొక్కితే చిన్న తాళం బొమ్మ, పాస్‌వర్డ్ అడుగుతూ ఒక పెట్టె. మాకెవరూ ఏ పాస్‌వర్డూ చెప్పలేదు. మూడుసార్లు తప్పు కొట్టేసరికి ‘సిస్టం డిజేబుల్డ్’ అని ఆగిపోయింది.

మళ్లీ రావులపాలెం మీదుగా బస్సెక్కి షాపుకి తీసుకెళ్తే, “మీరు లైనక్స్ ఎక్కించారు కదండీ, దానివల్లే లాక్ పడిపోయింది. వారంటీ రాదండి” అన్నారు. ఇది పచ్చి అబద్ధం. బయోస్ పాస్‌వర్డ్ డిస్క్‌లో ఉండదు, మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉంటుంది. ఉబుంటు ఇన్‌స్టాలర్ దాన్ని పెట్టదు. పాత యజమాని, బహుశా ఏదో కంపెనీ, పెట్టిన తాళం అది. ఇలాంటి ఆఫీసు మోడళ్లలో చాలావాటికి మదర్‌బోర్డు మీది చిన్న బిళ్ల బ్యాటరీ పీకినా అది పోదు. ఇంటికొచ్చి తిప్పి చూస్తే అడుగున స్టిక్కర్ పీకేసిన జిగురు మరక, దాని అంచున సగం తెగిన బార్‌కోడ్. కొన్నరోజే చూసుకోవాల్సింది.

బూట్ కాకపోవడానికి కారణం వేరే. ఎఫ్12 మెనూలో మా పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపించింది. మేము ఎంచుకున్నది లెగసీది, అంటే పాత బూట్ పద్ధతిది; మెషీన్ వెతికేదేమో కొత్తదైన యూఈఎఫ్ఐ పద్ధతిలో. బయోస్ తెరుచుకుంటే రెండు నిమిషాల్లో తేలే పని, మాకు మూడు రోజులు పట్టింది. చివరికి ముందు యూఈఎఫ్ఐ అని ఉన్న పేరు ఎంచుకుని మళ్లీ మొదటినుంచి వేస్తే లేచింది. మీకూ ఇలాగే అయితే, ఇన్‌స్టాల్ నొక్కే ముందు లైవ్‌లోనే, అంటే పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్న ఉబుంటులోనే, ‘సిస్’ లోపల ‘ఫర్మ్‌వేర్’లో ‘ఈఎఫ్‌ఐ’ ఫోల్డర్ (/sys/firmware/efi) ఉందో లేదో చూడండి. లేకపోతే మీరు లెగసీలో ఉన్నట్టే.

ఎలాగో నడుస్తోంది గానీ తాళం అలాగే ఉంది. రేపు బయోస్‌లో డిస్క్ మోడ్ మార్చాలన్నా, సెక్యూర్ బూట్ (సంతకం లేని సిస్టంని లేవనివ్వని రక్షణ) తీయాలన్నా కుదరదు. అందుకే షాపులోనే ఆన్ చేయించి ఎఫ్2 గానీ, ఎఫ్10 గానీ, ఆ మోడల్‌కి ఏ కీ అయితే అది మీరే నొక్కండి. పాస్‌వర్డ్ అడిగితే ఎంత తగ్గించి ఇస్తామన్నా తీసుకోకండి. బిల్లు మీద సీరియల్ నంబరు, ‘బయోస్ లాక్ లేదు’ అన్న మాట రాయించుకోండి. మా బిల్లులో ‘ల్యాప్‌టాప్ 1’ అని మాత్రమే ఉంది, ఆ కాగితంతో గట్టిగా అడగలేకపోతున్నాం.

నిన్న మళ్లీ వెళ్లాను. అదే మోడల్‌వి ఇంకా ఏడెనిమిది అల్మరాలో పేర్చి ఉన్నాయి. రెండు తిప్పి చూశాను, రెండింటి అడుగునా అదే జిగురు మరక.