చెంబు మీద పేరు: ఉలా, సొంత మిషనా, విశాఖ జాబ్ వర్కా, లేజర్ ఇంజినీర్లా – ఏది మేలు?

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షనుకి నడిచి వెళ్లేంత దూరంలో మాకో చిన్న షాపు ఉంది. షీల్డులు, మెమెంటోలు, గేటుకి తగిలించే నేమ్‌ప్లేట్లు చేస్తాం. ఈమధ్య పెళ్లిళ్లకి రిటర్న్ గిఫ్టుగా ఇత్తడి చెంబులు ఇవ్వడం మళ్లీ మొదలైంది. చెంబులు సరవకోట మండలం బుడితి నుంచి వస్తాయి. వాటి మీద పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, తేదీ వేసి ఇవ్వడం మా పని.

అందుకే లేజర్ మిషను కొన్నాను. కొన్న మూడో నెలలోనే ఇరుక్కున్నాను. అక్కణ్నుంచి నేను తొక్కిన దారులు ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. మీది చెంబే కానక్కర్లేదు. మందుల కంపెనీకి స్టీలు ట్యాగులు వేసేవారికైనా, పంపు విడిభాగాల మీద నంబర్లు వేసేవారికైనా లెక్క ఒకటే.

ముందు చేతిపని సంగతి. స్టీలు సామాను కొట్లో కుర్రాడు టిర్రుమనే కరెంటు పెన్నుతో గిన్నెల మీద పేర్లు వేస్తాడే, అది అందరికీ తెలిసిందే. ఒకటో రెండో వస్తువులైతే దాన్ని మించింది లేదు. అదే రెండు వందల చెంబులైతే ఒక్కోదానిమీద ఒక్కో దస్తూరీ వస్తుంది, పైగా కుర్రాడి చెయ్యి లాగేస్తుంది.

ఇక సొంత మిషను. బజారులో ప్రధానంగా రెండు జాతులు దొరుకుతాయి. ఒకటి కార్బన్ డయాక్సైడ్ లేజరు, దాని వెలుగు అల పొడవు (తరంగదైర్ఘ్యం) 10.6 మైక్రాన్లు; మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు. (1964లో దీన్ని బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన సి. కుమార్ ఎన్. పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన మనిషి. ఈ సంగతి మిషను అమ్మేవాళ్లకే తెలీదు.) రెండోది ఫైబర్ లేజరు, దీని వెలుగు సుమారు 1.06 మైక్రాన్లు. ఈ రెండంకెల మధ్య తేడాలోనే మీ డబ్బు నిలవడమో మునగడమో ఉంది. చెక్క, అక్రిలిక్, తోలు 10.6 మైక్రాన్ల వెలుగుని తాగేస్తాయి. ఇత్తడి మాత్రం దాన్ని అద్దంలా తిప్పికొడుతుంది. 1.06 దగ్గర కూడా ఇత్తడి చాలా భాగాన్ని తిప్పికొట్టేదే, కాని ఫైబర్ మిషను వెలుగుని ధారగా కాకుండా దెబ్బలుగా వేస్తుంది. 20 వాట్ల మిషను సెకనుకి 20 వేల దెబ్బలు వేస్తే ఒక్కో దెబ్బలో ఒక మిల్లీజౌలు ఉంటుంది. అది 100 నానోసెకన్లలో పడిపోతే ఆ క్షణానికి బలం 10 కిలోవాట్లు. అందులో కొంచెమే లోపలికి దిగినా ఇత్తడి పైపొర ఎగిరిపోతుంది, అక్షరం పడుతుంది. కాబట్టి చెంబులకి ఫైబరే. అంతవరకు నేను సరిగ్గానే కొన్నాను.

అమ్మిన పెద్దమనిషి డెమో చదునైన స్టీలు ముక్క మీద చూపించాడు. బ్రహ్మాండంగా వచ్చింది. నేను మురిసిపోయి చెక్కు రాసిచ్చాను.

మొదటి పెద్ద ఆర్డరు పట్టుకుని బుడితి నుంచి చెంబులు తెచ్చే మావయ్య వచ్చి, నేను వేసినవి రెండు వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

“ఏటి బాబూ, నడిమిన బాగానే ఉంది గానీ, సివర్లకొచ్చేసరికి అచ్చరాలు అలా ఎలిసిపోనాయేటి?”

నిజమే. పేరులో మధ్య అక్షరాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి, రెండు చివరలా మసక. మిషను అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే ఒకటే మాట: “పవర్ చాలదు సార్, 50 వాట్లది తీసుకోండి, పాతది ఎక్స్‌ఛేంజ్‌లో చూద్దాం.” ఆ పూట నేను దాదాపు ఒప్పేసుకున్నాను కూడా.

అడ్డం పడింది మా మేనల్లుడు. హైదరాబాదులో ఇద్దరు ముగ్గురు ఇంజినీర్లు కలిసి నడిపే చిన్న సంస్థ ఒకటి ఉందనీ, మిషన్లు అమ్మరనీ, ఆప్టిక్స్, లేజర్ సమస్యలు పరిష్కరించి ఫీజు తీసుకుంటారనీ చెప్పాడు. ఇలాంటి సంస్థలు చేసే పని మన ఊళ్లలో చాలామందికి తెలియదు. లెన్సుల అమరిక డిజైన్ చేయడం, లేజరు కిరణం ఆకారం కొలవడం, కెమెరాతో నాణ్యత చూసే చోట దీపం ఎక్కడ పెట్టాలో తేల్చడం, ఒక పదార్థం మీద ఏ లేజరు ఎలా పనిచేస్తుందో పరీక్షించి రాతపూర్వకంగా ఇవ్వడం. వాళ్లు పది చెంబులు పార్సిల్ చేయమన్నారు. మిషను వివరాలూ లెన్సు మీద రాసి ఉన్న అంకెలూ అడిగారు. నేను లెన్సు మీద అంకెలున్నాయన్న సంగతే అప్పుడు చూశాను.

వాళ్లు చెప్పింది వింటే సిగ్గేసింది, అంత తేలిక. నా లెన్సు ఫోకల్ దూరం 160 మి.మీ. ఆ లెన్సుతో వెలుగు చుక్క వ్యాసం 30 మైక్రాన్ల పైచిలుకు, తల వెంట్రుకలో సగమంత. అంత సన్నగా కూడిన వెలుగు ఫోకస్‌కి పైకీ కిందకీ అర మి.మీ. దాకానే సన్నగా ఉంటుంది, ఆ తర్వాత విచ్చుకుపోతుంది. చెంబు పొట్ట వ్యాసార్థం 60 మి.మీ. పేరు వెడల్పు 40 మి.మీ. అయితే, మధ్య అక్షరం కంటే చివరి అక్షరం సుమారు 3.4 మి.మీ. కిందకి దిగిపోయి ఉంటుంది. ఆ లోతులో వెలుగు చుక్క ఆరు రెట్లకు పైగా వెడల్పైపోతుంది, అంటే విస్తీర్ణం నలభై రెట్లు దాటుతుంది. వెలుగు అంత పలచబడ్డాక, 20 వాట్లని 50 చేసి రెండున్నర రెట్లు పెంచితే ఏం ఒరుగుతుంది? మధ్య అక్షరం మాడుతుంది, చివరి అక్షరం మసకగానే ఉంటుంది. నా లక్షలు ఎక్స్‌ఛేంజ్‌లో కలిసిపోతాయి.

మరి చేయాల్సిందేమిటి? రెండు దారులు చూపించారు. ఒకటి రోటరీ: చెంబుని చక్‌లో బిగించి తిప్పుతూ ఒక్కో అక్షరాన్నీ పైకి తేవడం. పని శుభ్రంగా వస్తుంది గాని, చెంబు మూతి అంచుకీ మెడకీ చక్ పట్టు సరిగ్గా కుదరదు, ఒక్కొక్కటీ బిగించి విప్పేసరికి పొద్దుపోతుంది. రెండోది 330 మి.మీ. లెన్సు. చుక్క రెట్టింపు లావవుతుంది, అయితే ఫోకస్ నిలిచే లోతు నాలుగు రెట్లు పెరిగి అటూ ఇటూ 2 మి.మీ. దాటుతుంది. ఫోకస్‌ని ఆ 3.4 మి.మీ.కి సగంలో పెడితే పేరు మొత్తం అందులో ఇమిడిపోతుంది. నష్టం లేకపోలేదు. వెలుగు సాంద్రత నాలుగో వంతుకి పడుతుంది కాబట్టి ఒకసారి గీసే చోట రెండు మూడుసార్లు గీయాలి. సన్నని వెంట్రుకగీత డిజైన్లు ఇక రావు. పేర్లకి అవి అక్కర్లేదు కదా.

ఈ లెన్సుకి మిషను తల చెంబుకి ఇంకా ఎత్తున ఉండాలి కాబట్టి, కొనమనే ముందు నా మిషను స్టాండు అంత ఎత్తుకి లేస్తుందో లేదో టేపు పెట్టి కొలిపించారు. లెన్సు మార్చాక గీతలు వంకర రాకుండా కరెక్షన్ ఫైలు చేసిచ్చారు. వేగం, పవర్, సెకనుకి దెబ్బలు, ఎన్నిసార్లు గీయాలి అన్నీ ఒక కాగితం మీద రాసి పంపారు. ఫీజూ లెన్సూ కలిపినా కొత్త మిషను ధరలో చిన్న ముక్క.

ఇలా చెప్తే ఆ చిన్న సంస్థలే అన్నిటికంటే మేలని తేల్చినట్టుంటుంది. కాదు. వాళ్లతో కూడా నాకు చిరాకులున్నాయి. ఇద్దరే మనుషులు, అందులో ఒకరు ఊరెళ్తే పని ఆగిపోయింది. వారం అన్నది మూడు వారాలైంది. మొదట ఇచ్చిన కొటేషన్‌లో “సాధ్యాసాధ్యాల పరిశీలన” అని ఒక్క ముక్క రాసి అంకె వేశారు. చివరికి నా చేతికి ఏం వస్తుందో రాయలేదు. నేను పట్టుబట్టి రాయించుకున్నాను: ఎన్ని సాంపిళ్లు, ఏ కొలతలు, సెట్టింగుల కాగితం నాదా వాళ్లదా, ఫలితం రాకపోతే ఎంత ఫీజు. మీరూ డబ్బు దశలవారీగా కట్టండి. తప్పుగా అనుకోరు, అలవాటున్న పనే.

ఇప్పుడు విశాఖపట్నం జాబ్ వర్కు. శ్రీకాకుళం నుంచి నూరు కిలోమీటర్ల పైన, విజయనగరం నుంచి అరవై. రేకు కోత, స్టీలు ట్యాగులు, చదునైన ప్లేట్ల లాంటి వాటికి నేను ఇప్పటికీ అక్కడికే పంపుతాను. పెద్ద మిషన్లు వాళ్ల దగ్గర ఉన్నాయి, వాటి అరుగుదల, వాటి కరెంటు వాళ్ల నెత్తిన ఉంటాయి. సొంతంగా కొనాలా వద్దా అన్నది కూడికలు తీసివేతల పనే. మిషను 4 లక్షలనుకోండి, జాబ్ వర్కుతో పోలిస్తే ముక్కకి 10 రూపాయలు మిగులుతుందనుకోండి. 40 వేల ముక్కలు కొడితేగాని అసలు తిరిగిరాదు, వడ్డీ సంగతి పక్కన పెట్టినా. ఏడాదికి అన్ని పెళ్లిళ్లు మీ చేతికొస్తాయా? నాకొచ్చే పెళ్లిళ్లు తక్కువే గాని, స్కూళ్ల షీల్డులు కలిశాయి కాబట్టి గట్టెక్కాను. జాబ్ వర్కు ఇబ్బందల్లా వంపు ముక్కలూ తొందర ఆర్డర్లూ. “మీ చెంబులకి మేం సెట్టింగు వెతుకుతూ కూచోలేం సార్” అని ఒకాయన మొహం మీదే అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన గంటకి కోసే రేకు విలువ వేరు.

కాలేజీలని అడగమని కూడా సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఇంజినీరింగ్ ఫిజిక్స్ ల్యాబుల్లో సాధారణంగా ఉండేది హీలియం-నియాన్ ఎర్ర లేజరు, 632.8 నానోమీటర్లది, మిల్లీవాట్లలో. కాంతిశాస్త్రం నేర్చుకోవడానికి బంగారం లాంటిది, ఇత్తడికి గీత కూడా పడదు. అధ్యాపకుల జ్ఞానం వేరే మాట, నా లెక్కలన్నీ మళ్లీ సరిచూసిపెట్టింది ఓ ఫిజిక్స్ మేష్టారే. అయినా పరీక్షలూ సెలవులూ దాటి తేదీకి పని అందించమని వాళ్లని అడగడం న్యాయం కాదు. ఇక హైదరాబాదులోని ఏఆర్‌సీఐ లాంటి కేంద్ర పరిశోధన సంస్థల్లో లేజర్ ప్రాసెసింగ్ విభాగాలున్నాయి. అరిగిన భాగాల మీద లేజరుతో లోహపు పూత వేయడం, ఉపరితలాన్ని గట్టిపరచడం లాంటి భారీ పనులుంటే అటు చూడాలి. చెంబు పట్టుకుని వెళ్తే నాకే మొహమాటంగా ఉంటుంది.

ఇద్దరు మిత్రుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వాళ్లకి నేనిచ్చిన సలహాలు నా అనుభవానికి ఎదురు.

ఒకాయనది పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ. గుండు నుంచి బద్దని, తెల్లపప్పు నుంచి పొర అంటుకున్నదాన్నీ మాడినదాన్నీ వేరుచేయడానికి కెమెరా మిషను చేయిద్దామని ఇంజినీర్ల కోసం వెతుకుతున్నాడు. వద్దన్నాను. పప్పు జారుతుంటే కెమెరా చూసి, పనికిరాని పలుకుని గాలిదెబ్బతో పక్కకి తన్నేసే కలర్ సార్టర్లు బజారులో ఎప్పుడో స్థిరపడ్డాయి. దొరికేదాన్ని మళ్లీ కనిపెట్టించడం దండగ. మీ పప్పు రెండు బస్తాలు తీసుకెళ్లి వాళ్ల మిషనులో పోయించి, తీసేసిన దాంట్లో మంచి పప్పు ఎంత పోయిందో తూకం వేయించుకోండి అన్నాను. నేను ఆనాడు నా చెంబు తీసుకెళ్లి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

రెండో ఆయన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలకి అలంకారం చేసే మనిషి. ఒకే పనస దుంగలోంచి తొలిచే ఏకాండి వీణ ఉంది చూశారూ, దాని ఒంటి జోలికి లేజరు వెళ్లలేదు, వెళ్లకూడదు కూడా. ఆయన అడిగింది అంచుల్లో పొదిగే తెల్లని పూలరేకుల గురించి. అక్రిలిక్ అయితే కార్బన్ డయాక్సైడ్ లేజరు ముచ్చటగా కోస్తుంది. కాని ఆయన చేతిలో ఉన్న షీటు పీవీసీ. పీవీసీని లేజరుతో కాల్చితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులకీ చేటు, మిషను ఇనుముకీ చేటు. షీటు మార్చి విశాఖలో కోయించుకోమన్నాను. దీనికి సొంత మిషనూ అక్కర్లేదు, ఇంజినీరూ అక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి సలహా కోసమూ ఆగకండి. ఫైబర్ లేజరు వెలుగు కంటికి కనిపించదు. కనిపించదు కాబట్టి రెప్ప పడదు, కన్ను దాన్ని తిన్నగా రెటీనా మీదకే చేర్చేస్తుంది. ఇత్తడి చెంబు పొట్టేమో కుంభాకార దర్పణం, కిరణాన్ని ఏ మూలకి విసురుతుందో చెప్పలేం. నా మిషను తెరిచి ఉండే రకం. మొదటి నెలల్లో పారదర్శకమైన అక్రిలిక్ డబ్బా మూతపెట్టి భద్రంగా ఉన్నామనుకున్నాను. అది 10.6 మైక్రాన్లని ఆపుతుంది గాని 1.06ని దర్జాగా వదిలేస్తుందని ఆ హైదరాబాదు కుర్రాళ్లు చెప్పేదాకా తెలీదు. ఇప్పుడు రేకు డబ్బా చేయించాను, తలుపు తీస్తే లేజరు ఆగేలా స్విచ్చు పెట్టించాను, 1064 నానోమీటర్లకని (అంటే ఆ 1.06 మైక్రాన్లకే) రాసి ఉన్న కళ్లద్దాలు తెప్పించాను. నల్లకళ్లద్దాలన్నీ ఒకటి కావు.

నా మటుకు నేను ఇప్పుడు నడుపుతున్న పద్ధతి ఇదీ. చదును ముక్కలు వేలల్లో ఉంటే విశాఖ. వారం వారం వచ్చే పేర్లు సొంత మిషను. సెట్టింగులు మార్చి మార్చి రెండు రోజులైనా పని కుదరకపోతే, లేక ఎవరైనా “పవర్ పెంచండి” అన్నారంటే, కొత్త మిషను మాట ఎత్తకముందే ఆ ఇంజినీర్లకి సాంపిల్ పార్సిల్.

కిందటి నెల మావయ్యే ఒక కంచు గంట తెచ్చాడు, వాళ్లూరి రామాలయానిది. దాత పేరు పెద్ద అక్షరాల్లో కావాలట. గంట అడ్డంగా వంగడమే కాదు, కిందకి వచ్చేకొద్దీ బయటికి విచ్చుకుంటుంది. స్కేలు పెట్టి కొలిస్తే పేరు మధ్యకీ చివరకీ తొమ్మిది మి.మీ. తేడా. నా లెన్సుకి అందదు.

“పార్సిల్ కట్టమంటావా మావయ్యా?” అన్నాను.

“ఒక్క గంటకి హైదరాబాదేటి బాబూ, నాను కూకోనా?” అని సంచీలోంచి ఉలి తీశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి పేరు పూర్తయింది.