పక్కింటికి వినిపించని ఎలక్ట్రిక్ గిటార్: స్కార్లెట్ సోలోతో ఏడాదిన్నర

విజయనగరంలో రింగ్ రోడ్డు వైపున్న ఒక అపార్ట్‌మెంట్‌లో, మూడో అంతస్తులో మేము ఉంటున్నాము. ఉద్యోగం నుంచి ఇంటికి చేరి, భోజనాలయి, పిల్లలు పడుకునేసరికి రాత్రి పది దాటుతుంది. గిటార్ పట్టుకోవడానికి నాకు మిగిలే సమయం అదే. ఆ వేళలో ఎలక్ట్రిక్ గిటార్‌ను ఎవరి నిద్రా చెడకుండా వాయించి, నలుగురికీ వినిపించదగిన నాణ్యతతో రికార్డు చేసుకోవడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ, ఫోకస్‌రైట్ సంస్థ తయారు చేసిన స్కార్లెట్ సోలో అనే ఆడియో ఇంటర్‌ఫేస్‌ను, అంటే గిటార్, మైకుల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి చేర్చే పరికరాన్ని కొన్నాను. నా దగ్గరున్నది 2019లో వచ్చిన మూడో తరం పరికరం. ఏడాదిన్నరగా దాదాపు ప్రతి రాత్రీ వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదట ఆంప్లిఫయర్ ఎందుకు పనికిరాలేదో చెప్పాలి, ఎందుకంటే "చిన్న ఆంప్ కొనుక్కుని శబ్దం తగ్గించుకుంటే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. గిటార్ స్పీకర్లు చాలా సమర్థంగా మోగుతాయి. సాధారణమైన పన్నెండు అంగుళాల స్పీకర్‌కు ఒక్క వాట్ ఇస్తే చాలు, మీటరు దూరంలో 95 నుంచి 100 డెసిబెల్‌ల శబ్దం వస్తుంది. శక్తిని పదో వంతుకు తగ్గించినా తగ్గేది 10 డెసిబెల్‌లే, అంటే చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుందంతే. యాభై వాట్ల ఆంప్‌ను అర వాట్‌కు దించినా నాలుగో వంతు శబ్దం మిగిలే ఉంటుంది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్‌ల పరిమితి పెట్టాయి. స్పీకర్ ఇచ్చే 95 డెసిబెల్‌లనూ, రాత్రి పరిమితి 45నూ పక్కపక్కన పెట్టి చూసిన రోజునే ఆంప్ ఆలోచన వదులుకున్నాను. నాబ్‌ను బాగా కిందికి దించి వాయిస్తే శబ్దం తగ్గే మాట నిజమే, కానీ దానితో పాటు ఆంప్‌కు ప్రాణమైన ఆ నిండుదనం కూడా పోతుంది.

సోలో చిన్న ఎర్రని లోహపు పెట్టె. ఒక మైకు, ఒక గిటార్ దీనికి తగిలించవచ్చు; యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపితే విద్యుత్తు కూడా ఆ తీగలోనే అందుతుంది, వేరే అడాప్టర్ అక్కరలేదు. కరెంటు పోయిన రాత్రుల్లో కూడా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు పని ఆగలేదు. విశాఖపట్నం వెళ్లి చూసి కొందామనుకున్నాను గాని, అరవై కిలోమీటర్ల ప్రయాణానికి వారాంతాలు కుదరక చివరకు ఆన్‌లైన్‌లోనే తెప్పించుకున్నాను. నాకు పది వేల రూపాయలకు కాస్త అటూ ఇటుగా పడింది.

ఈ పెట్టె మీద గిటార్ వాద్యకారుడికి అన్నిటికన్నా ముఖ్యమైనది "ఇన్‌స్ట్" అని రాసి ఉన్న మీట. గిటార్ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు తిప్పిన సన్నని రాగి తీగ. దాని నుంచి వచ్చే సంకేతం బలహీనమైనది, పైగా ఎదుటి పరికరం తన మీద ఎంత భారం మోపుతుందన్న దాన్ని బట్టి దాని స్వభావమే మారిపోతుంది. కీబోర్డు వంటి వాటికి ఉద్దేశించిన లైన్ ఇన్‌పుట్‌లో గిటార్ తగిలిస్తే పై స్థాయి స్వరాలన్నీ మొద్దుబారి, దుప్పటి కప్పి వాయించినట్టు వినిపిస్తుంది. ఆ మీట నొక్కగానే ఇన్‌పుట్ నిరోధం మెగా ఓమ్ స్థాయికి పెరిగి, తీగ మీద గోరు తగిలిన చప్పుడుతో సహా ఉన్నది ఉన్నట్టుగా లోపలికి వస్తుంది. ఇంతకు ముందు నేను ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి ఒక మార్పిడి తీగతో గిటార్‌ను నేరుగా గుచ్చి రికార్డు చేసేవాణ్ణి. ఆ పాత రికార్డింగులూ ఇవీ ఒకే గిటార్‌వి అంటే మా ఇంట్లో వాళ్లే నమ్మలేదు.

లోపలికి వచ్చే సంకేతాన్ని పెంచే గెయిన్ నాబ్ చుట్టూ వెలిగే రంగుల వలయం కొత్తవారికి బాగా సాయపడుతుంది. సంకేతం ఉన్నప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది, హద్దు దాటితే ఎర్రబడుతుంది. ఎంత గట్టిగా వాయిస్తే ఎర్రబడుతుందో చూసుకుని, అక్కడి నుంచి బాగా వెనక్కు తగ్గించి పెట్టుకోవడం మంచిది. 24 బిట్ల రికార్డింగులో తక్కువ స్థాయిలో తీసుకున్నా తరువాత పెంచుకోవచ్చు, ఒకసారి చిట్లిన శబ్దాన్ని మాత్రం తిరిగి అతికించలేము.

ఇక నేను చాలా రోజులు తికమకపడిన విషయం ఆలస్యం. తీగ మీటిన క్షణానికీ, ఆ శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లి, అక్కడ ఆంప్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో ఆంప్ రూపం దాల్చి, హెడ్‌ఫోన్‌లోకి తిరిగి వచ్చే క్షణానికీ మధ్య కొంత వ్యవధి తప్పదు. ఆలస్యం తగ్గించే ఫోకస్‌రైట్ వారి ఏఎస్‌ఐఓ డ్రైవర్ వేసుకుని, బఫర్‌ను (కంప్యూటర్ ఒక్కో విడత అందుకునే శబ్దపు ముక్కను) 128 శాంపిళ్లకు, శాంపిల్ రేటును సెకనుకు 48,000కు పెడితే ఒక్కొక్క విడత సుమారు 2.7 మిల్లీసెకన్లు అవుతుంది. రానూపోనూ మిగతా పనులన్నీ కలిపి నా పాత ల్యాప్‌టాప్‌లో పది మిల్లీసెకన్ల లోపే ఉంది. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది కాబట్టి, పది మిల్లీసెకన్లంటే ఆంప్‌కు సుమారు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టు లెక్క. నేను ఎక్కువగా మోహన రాగంలో తీగ లాగి గమకాలు పలికించే ప్రయత్నం చేస్తూ ఉంటాను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన సంగీత కళాశాల ఉన్న ఊరిలో పుట్టి గమకం పట్ల మమకారం లేకుండా ఎలా ఉంటుంది? వేలితో తీగను లాగుతున్నప్పుడు చెవి వేలిని నడిపిస్తుంది; ఆ రెండింటి మధ్య వ్యవధి ఇరవై, ముప్పై మిల్లీసెకన్లకు చేరితే గమకం స్వరం మీద నిలవదు, దాటిపోతుంది. అందుకే బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లు ఈ పనికి ఎంతమాత్రం పనికిరావు. తీగ ఉన్న, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్‌లే కావాలి. నేను వాడేవి ఆడియో టెక్నికా ఎమ్40ఎక్స్. సోలో వాటికి కావలసినంత స్థాయిని ఇబ్బంది లేకుండా ఇస్తున్నది.

ముందువైపున "డైరెక్ట్ మానిటర్" అనే మీట ఒకటి ఉంది. అది వేస్తే గిటార్ శబ్దం కంప్యూటర్‌తో నిమిత్తం లేకుండా నేరుగా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. పాడేవారికి అది వరం. సాఫ్ట్‌వేర్ ఆంప్‌తో వాయించేవారు మాత్రం దాన్ని తప్పక ఆపివేయాలి. లేకపోతే పచ్చి తీగ శబ్దమూ, దాని వెనకే ఆంప్ శబ్దమూ రెండూ కలిసి వినిపించి, పరికరంలోనే లోపముందని అనుకుంటాము. నేను మొదటి వారమంతా అలాగే అనుకున్నాను.

ఆంప్ స్థానంలో నేను వాడేది న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, రికార్డింగ్‌కు రీపర్. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆంప్ మోడల్ ఒక్కటే వేసి, స్పీకర్ పెట్టె స్వభావాన్ని పట్టి ఇచ్చే ఇంపల్స్ ఫైలు వేయడం మరిచిపోతే, శబ్దం చెవిలో తేనెటీగల గుంపు దూరినట్టుంటుంది. నిజమైన గిటార్ స్పీకర్ సుమారు ఐదు వేల హెర్ట్జ్‌కు పైనున్న శబ్దాన్ని బాగా తగ్గించివేస్తుంది. ఆ వడపోత లేకపోవడమే కారణం. "సాఫ్ట్‌వేర్ ఆంప్‌లు కృత్రిమంగా ఉంటాయి" అని తీర్పు చెప్పినవారిలో కొందరిని నేను కదిపి చూస్తే, ఆ ఫైలు వేసుకోని వారే తేలారు. ఈ పద్ధతిలో మరో మేలు ఏమిటంటే, రికార్డయ్యేది పచ్చి శబ్దమే. నచ్చకపోతే మరునాడు మళ్లీ వాయించకుండానే ఆంప్ మార్చుకోవచ్చు.

మా అక్క బొబ్బిలి వీణ వాయిస్తుంది. అదే గదిలో, ఇదే సోలోకు మైకు తగిలించి ఆమె వీణను రికార్డు చేస్తే, ఫ్యాను గాలి, కింద ఆటో హారను, పక్కింటి కుక్కర్ ఈల అన్నీ అందులో చేరాయి. ఎలక్ట్రిక్ గిటార్‌కు ఆ బాధ లేదు. పికప్ గాలిలోని శబ్దాన్ని వినదు, ఉక్కు తీగ కదలికను మాత్రమే పసిగడుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి ఇంతకన్నా అనుకూలమైన వాద్యం లేదని నా అభిప్రాయం.

అయితే పికప్ వినేది మరొకటి ఉంది: కరెంటు. మన విద్యుత్తు 50 హెర్ట్జ్; దాని రెట్టింపు 100 హెర్ట్జ్, ఆరో తీగ మూడో మెట్టు మీద పలికే 98 హెర్ట్జ్ స్వరానికి ఆనుకునే ఉంటుంది. అందువల్ల గుయ్‌మనే ఆ మోత సంగీతంలోనే కలిసిపోయి, తీసివేయడం కష్టమవుతుంది. నా గిటార్‌లో ఒక్క తీగచుట్టే ఉండి, ఇలాంటి మోతను రద్దు చేయలేని సింగిల్ కాయిల్ పికప్‌లు ఉండటంతో ఈ చిక్కు మరింత ఎక్కువైంది. కారణాలను ఒక్కొక్కటిగా వెతికాను. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే సగం మోత పోయింది. మా గదిలోని సాకెట్‌కు ఎర్త్ రంధ్రమైతే ఉంది గాని వెనక తీగే లేదని ఎలక్ట్రీషియన్ తేల్చి, సరిచేసి వెళ్లాడు. పాత రకం ఫ్యాన్ రెగ్యులేటర్‌ను సగంలో తిప్పి ఉంచితే బుర్రుమనే మరో చప్పుడు చేరేది. ఫ్యాన్ పూర్తిగా తిప్పితే లేదా ఆపితే అది పోయింది. మిగిలిన కాస్తా, కుర్చీని గోడ వైపు ఒక పక్కకు తిప్పుకుని కూర్చుంటే తగ్గింది. ఈ మోతలో సోలో తప్పు ఏదీ లేదు. స్థానికంగా ఒక దుకాణంలో కొన్న గిటార్ కేబుల్ రెండు నెలలకే చిటపటలాడి కొంత తప్పుదారి పట్టించింది. కేబుల్‌ను మార్చాకే మిగతా కారణాలు స్పష్టంగా కనిపించాయి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ఒక ఉదయం లిఫ్టు దగ్గర కింది అంతస్తు మామ్మగారు ఆపి అడిగారు: "ఏటి బాబూ, రాత్రేళ ఏటో దంచుతున్నట్టు ఇనబడతంది?" గిటార్ వినిపించడం లేదు, తాళం కోసం గచ్చు మీద వేస్తున్న నా పాదం వినిపిస్తున్నది. దెబ్బ నేరుగా శ్లాబులోకి దిగి, కింది ఇంటి పైకప్పును మోగిస్తుంది. అప్పటి నుంచి పాత బొంతను నాలుగు మడతలు వేసి కాళ్ల కింద పరుచుకుంటున్నాను. నెల తరువాత నేనే వెళ్లి అడిగితే, ఇప్పుడు ఏ చప్పుడూ లేదని చెప్పారు.

సోలో పరిమితులు కూడా చెప్పాలి. హెడ్‌ఫోన్‌కూ, వెనక స్పీకర్లకూ కలిపి ఒకే నాబ్ ఉంది. హెడ్‌ఫోన్ స్థాయి పెంచితే స్పీకర్లు కూడా పెరుగుతాయి కాబట్టి, రాత్రి వాయించే ముందు స్పీకర్లను వాటి దగ్గరే ఆపుకోవాలి. ఒక్కటే హెడ్‌ఫోన్ రంధ్రం కావడంతో పక్కన మరొకరు కూర్చుని వినడానికి వీలుండదు. ఇక ఈ పద్ధతి మొత్తానికీ ఉన్న లోటు ఒకటుంది. పెద్ద ఆంప్ ముందు నిలబడినప్పుడు స్పీకర్ శబ్దం తిరిగి వచ్చి తీగను తాకి, స్వరాన్ని ఆగకుండా నిలబెడుతుంది. హెడ్‌ఫోన్‌లో అది జరగదు. పెద్ద, చిన్న శబ్దాల తేడాను తగ్గించే కంప్రెసర్ వేసి స్వరాన్ని కొంత సాగదీయగలిగాను గాని, తీగ దానంతటదే పాడటం మొదలుపెట్టే ఆ అనుభవం మాత్రం ఈ గదిలో నాకు దొరకలేదు, దాని కోసం ఇప్పటికీ మనసు లాగుతూనే ఉంటుంది.

ఒంటరిగా, రాత్రిపూట, ఒక గిటార్‌తో పనిచేసేవారికి సోలో చాలు. నేను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. స్పీకర్లనూ హెడ్‌ఫోన్‌నూ తరచు మారుస్తూ వాడేవారు, ఇద్దరు కలిసి వాయించేవారు, హెడ్‌ఫోన్‌కు విడిగా నాబ్ ఉన్న, అదే కుటుంబంలోని స్కార్లెట్ 2ఐ2 తీసుకోవడం మేలు. 2023లో నాలుగో తరం వచ్చింది కాబట్టి మూడో తరం పరికరాలు వాడినవి తక్కువ ధరకు దొరికే అవకాశం ఉంది. కొనే ముందు హెడ్‌ఫోన్ తగిలించి, నాబ్ మెల్లగా తిప్పుతూ రెండు చెవుల్లోనూ చిటపటలు లేకుండా వస్తున్నదో లేదో విని మరీ తీసుకోండి.