అంబాసిడర్ మార్క్ 4, ప్రీమియర్ పద్మిని: రెండూ ఏళ్ల తరబడి నడిపాక నా మాట

అంబాసిడర్ మా నాన్నగారిది, పద్మిని మా మామయ్యది, రెండూ ఎనభైల్లో కొన్న పెట్రోల్ బళ్లే, హ్యాండ్ గేరే (గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంటుంది), ఇప్పుడు రెండిటినీ నేనే చూసుకుంటున్నా. ఏది కొనమంటావని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు అందుకే రాస్తున్నా.

లెక్కల్లో చూస్తే అంబాసిడర్‌దే పైచేయి. 1489 సీసీ, 50 హార్స్‌పవర్ దాకా వస్తుంది, పద్మినికి 1089 సీసీ, 40 దగ్గర. కానీ పద్మిని 900 కిలోలు కూడా ఉండదు, అంబాసిడర్ ఇంకో 200 కిలోల పైనే ఎక్కువ, అందుకే రాజమండ్రి ట్రాఫిక్‌లో చటుక్కున కదిలేది పద్మినే, సందుల్లో తిప్పుకోవడం కూడా హాయి. తేలికైన బండి కదా, పద్మినికే మెరుగైన స్టీరింగ్ ఉంటుందనుకుంటారు చాలామంది, కానీ అసలు సంగతి రివర్స్, పళ్ల కడ్డీని నేరుగా జరిపే ర్యాక్ అండ్ పినియన్ ఉన్నది అంబాసిడర్‌కే, పద్మినిది మరచుట్టు గేరుతో తిరిగే పాత వార్మ్ రకం, అయినా ముందు బరువు వల్ల ఆగి ఉన్నప్పుడు తిప్పాలంటే అంబాసిడర్‌కే భుజాలు నొప్పెడతాయి.

అసలు తేడా తెలియాలంటే మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలి. ఐదుగురు కూర్చుని డిక్కీ నిండా సామానుంటే పద్మినికి మలుపు మలుపుకీ సెకండ్ వెయ్యాల్సిందే, ఇంజన్ గట్టిగా అరుస్తుంది, పైగా ఇంజన్ హెడ్ (సిలిండర్ల మీద మూత) అల్యూమినియం కాబట్టి టెంపరేచర్ ముల్లు మీద ఓ కన్నేసి ఉంచాలి, మరీ వేడెక్కితే హెడ్ వంగి దాని కింద సీలు, అదే గ్యాస్కెట్, పోతుంది. అదే లోడుతో అంబాసిడర్ చాలాచోట్ల థర్డ్‌లోనే లాగేస్తుంది, తొందరేం పడదు, కానీ ఎక్కడా ఆగదు కూడా. దిగేటప్పుడు లెక్క మారిపోతుంది. రెండిటికీ నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, బరువున్న బండికి లైనింగ్ కాలిన వాసన ముందొస్తుంది, అందుకని అంబాసిడర్‌ని ఏ గేర్లో ఎక్కించానో అదే గేర్లో దించుతా, పద్మినితో అంత భయం లేదు.

వెనక సీటు గురించి చెప్పక్కర్లేదు, అంబాసిడర్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2464 మిల్లీమీటర్లు, పద్మినిది 2340, మోకాళ్ల దగ్గర తెలిసిపోతుంది. మా అమ్మకి నడుం నొప్పి, ఆవిడ మాత్రం అంబాసిడర్ తప్ప ఇంకోటి ఎక్కదు. గతుకుల రోడ్డు మీద ముందున్న టార్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), వెనక కమాన్ పట్టీలు దెబ్బ మొత్తం మింగేస్తాయి.

మైలేజీ హైవే మీద నాకు అంబాసిడర్ 10, పద్మిని 13 ఇస్తున్నాయి.

స్పేర్లలో మాత్రం అంబాసిడర్ నయం. 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారైంది కాబట్టి సామాను ఇంకా దొరుకుతోంది. పద్మిని ఎప్పుడో 2000 ప్రాంతంలోనే ఆగిపోయింది, ఇన్నాళ్లూ సామాను దొరికిందంటే ముంబై టాక్సీల పుణ్యమే, 2023లో ఆ టాక్సీలు కూడా రోడ్డెక్కడం మానేశాయి, దొరికినప్పుడే కొని దాచుకోవాలి.

ఒక్కడే తిరిగేవాడికి, నడపడంలో సరదా కావాలంటే పద్మినే చెప్తా. ఇంటిల్లిపాదీ ఊరెళ్లాలంటే మాత్రం కళ్లు మూసుకుని అంబాసిడర్. ఏది కొన్నా ముందు బండిని ర్యాంప్ మీదకి ఎక్కించి కింద ఫ్లోరు, డోర్ల కింద అంచులు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. రెండిటికీ వేరే చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. ఇంజన్ ఎప్పుడైనా దింపి చేయించుకోవచ్చు, ఫ్లోరు తుప్పు తినేసిన బండి ఎంత చవగ్గా ఇస్తామన్నా వదిలేయండి.