హైడ్రోజన్‌కి నీళ్లా, చక్కెర నీళ్లా?

హైడ్రోజన్ తీయడానికి మామూలు దారి నీటిని కరెంటుతో విడగొట్టడం. లెక్క ప్రకారం 1.23 వోల్టులు చాలు. కానీ ఆక్సిజన్ పుట్టే వైపు చర్య మహా నెమ్మది, అందుకే వాస్తవంలో ఇంకా ఎక్కువే పెట్టాలి. రెండో దారిలో ఆ వైపు గ్లూకోజ్ కలుపుతారు. ఎలక్ట్రోడ్‌గా (నీళ్లలోకి కరెంటు పంపే రేకుగా) నికెల్ లాంటి చవక లోహం చాలు. క్షారంలో ముంచిన నికెల్ రేకు వోల్టేజి పెంచేకొద్దీ నల్లబడుతుంది. ఆ నల్లటి పొరే గ్లూకోజ్‌ను ఆక్సీకరిస్తుంది. ఇది ఆక్సిజన్ పుట్టించడం కన్నా తేలిక, అందుకే కరెంటు ఆదా. పైగా గ్లూకోనిక్ ఆమ్లం, ఫార్మేట్ లాంటి పనికొచ్చే రసాయనాలు చేతికొస్తాయి.

చిక్కల్లా, గాఢ క్షారంలో గ్లూకోజ్ తనంతట తానే పాడై గోధుమరంగుకి తిరుగుతుంది. వచ్చిన పదార్థాలను విడదీయడమూ ఖర్చే. ఒక్క హైడ్రోజనే కావాలంటే నీళ్లే మేలు.

విజయవాడ పక్కన ఉయ్యూరులాంటి చెరకు ప్రాంతంలో మాత్రం నా ఓటు రెండోదానికే. తినే చక్కెర జోలికి పోకుండా మొలాసిస్ (చక్కెర తీశాక మిల్లులో మిగిలే మడ్డి) వాడాలి. ముందు దాన్ని శుద్ధి చేసి, అందులోని సుక్రోజ్‌ను (మామూలు చక్కెరను) గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టాలి.