మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చూడండి: భీమవరంలో ఒక రీడింగ్ రూము

సీఏ ఇంటర్ (చార్టర్డ్ అకౌంటెంట్ కోర్సులో రెండో మెట్టు) చదివేవాళ్లు రీడింగ్ రూము చూడ్డానికి పొద్దున్నే వెళ్తారు. పొద్దున్న ఆరింటికి ఏ రూమైనా బాగానే ఉంటుంది. నేల తుడిచిన తడి ఆరకుండా, చల్లగా, నలుగురే మనుషులతో. పరీక్ష ఆరింటికి కాదు కదా. ఇంటర్ పేపరు మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. 1.45కే ప్రశ్నపత్రం చేతికిచ్చి పావుగంట చదువుకోనిస్తారు. భోంచేశాక కళ్లు మూతలు పడే ఆ మూడు గంటల్లో రూము ఎలా ఉంటుందో చూసుకుని డబ్బు కట్టాలి. భీమవరం టౌన్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే ఈ రూముని ఆ కొలతతోనే చూశాం.

రెండో అంతస్తులో 48 సీట్లు. ఆడపిల్లలకి విడిగా ఇంకో గది. ఉదయం 6 నుంచి 2 దాకా ఒక షిఫ్టు, 2 నుంచి రాత్రి 10 దాకా ఇంకొకటి. ఏ షిఫ్టయినా నెలకి 900, రోజంతా కావాలంటే 1,500, లాకరుకి మరో వంద. పాలకొల్లు, నరసాపురం, ఆకివీడు వైపు నుంచి రైలు దిగి వచ్చేవాళ్లకి దగ్గర. మంచినీళ్లు, బాత్‌రూము శుభ్రంగా ఉన్నాయి. కింద జెరాక్స్ షాపు ఉండటం మాత్రం నిజంగా కలిసొచ్చే విషయం, ఎందుకో తర్వాత చెబుతాం.

ముందు బల్ల సంగతి. టేపు పెట్టి కొలిస్తే ఒక్కో సీటు చెక్క వెడల్పు 24 అంగుళాలు, లోతు 18. బ్యాంకు పరీక్షలకో గ్రూప్-2కో చదివేవాళ్లకి ఒక పుస్తకం, ఒక నోట్సు పెట్టుకోడానికి చాలు. ఇంటర్ వాళ్లకి చాలదు. ఏ4 కాగితం వెడల్పు ఎనిమిదింపావు అంగుళాలు. ప్రింటు తీసిన ప్రశ్నపత్రం ఎడమవైపు పెట్టి, పక్కన జవాబు పుస్తకం రెండు పేజీలూ తెరిస్తే అక్కడికే దాదాపు పాతిక అంగుళాలు అవుతోంది. కాలిక్యులేటరు ఒళ్లో పెట్టుకోవాలి. స్కేలూ పెన్సిలూ పార్టిషను అంచు మీంచి పక్కవాడి వైపు జారుతుంటాయి. కాస్టింగు (ఖర్చుల లెక్కల) పేపరులో ప్రాసెస్ అకౌంట్లు గీసేటప్పుడు మోచెయ్యి ఆనడానికి చోటు లేక గీత వంకరపోతుంది, రాత నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదికి కారణం బల్లేనని తెలియక నాకు స్పీడు లేదని దిగులు పడేవాళ్లు ఉంటారు. కిటికీ వైపు వరస చివర నాలుగు సీట్లకి మాత్రం చెక్క 32 అంగుళాలుంది. అడిగితే అదే రేటుకి ఇస్తున్నారు. వాటికి వెలుగు ఎడమ నుంచి పడుతుంది కాబట్టి కుడిచేత్తో రాసేవాళ్లకి చేతి నీడ కాగితం మీద పడదు. మిగతా సీట్లకి ట్యూబులైటు వెనక ఉంది, తల నీడంతా జవాబు మీదే.

ఇక మధ్యాహ్నం. 1.50కి మొదటి షిఫ్టు వాళ్లు లేవడం మొదలుపెడతారు, రెండో షిఫ్టు వాళ్లు మెట్లెక్కుతుంటారు. కుర్చీలు జరిగే చప్పుడు, లాకరు తలుపులు, బ్యాగు జిప్పులు, ఖాళీ క్యారేజీ గిన్నెల గలగల. అంతా సర్దుకునేసరికి 2.20. సరిగ్గా ప్రశ్నపత్రం చదువుకుని మొదటి జవాబు మొదలుపెట్టే టైములో ఈ గోల. షిఫ్టు ఒంటిగంటకి మార్చి ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు. ఇక్కడ చదివేవాళ్లలో సగం మంది ఏ పరీక్షకి కూర్చుంటున్నారో యజమాని ఒక్కసారి అడిగి ఉండాల్సింది.

2.30 అయ్యేసరికి రూము ప్రశాంతం, మరీ ప్రశాంతం. మూడు వరసల్లో తలలు చెక్కల మీద వాలిపోయి ఉంటాయి. ఏసీ 22లో పెట్టి రిమోటు కేర్‌టేకరు దగ్గరే ఉంచుకుంటాడు. 26కి మార్చమంటే మార్చాడు, అందులో పేచీ లేదు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద లైట్లు, ఫ్యాన్లు తిరుగుతాయి, ఏసీ ఆగుతుంది. ఏసీ కోసం కిటికీలు సీలు చేశారు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో పది నిమిషాల్లోనే ఉక్కపోత మొదలై జవాబు పుస్తకం ముంజేతికి అంటుకుంటుంది. అందుకని మణికట్టు కింద మడతపెట్టిన చేతిరుమాలు వేసుకుని రాయడం అలవాటు చేసుకోండి. పరీక్ష హాల్లో ఏసీ ఉంటుందన్న హామీ లేదు, కాబట్టి వారానికొక పేపరు ఇంట్లో ఫ్యాను కింద రాయడం మంచిదే.

నిద్రకి తప్పంతా ఏసీదే కాదు. పప్పు, పులుసు, చేపల ఇగురు, ఆఖర్న గడ్డపెరుగు. గోదావరి జిల్లాల భోజనం మీద మాకు ఫిర్యాదేం లేదు, మూడు గంటల పేపరు ముందు తినేది అది కాదంతే. 12.15కల్లా భోజనం అయిపోవాలి. మామూలుగా తినే అన్నంలో మూడోవంతు తగ్గించి, పెరుగు బదులు పల్చటి మజ్జిగ. ఆ తర్వాత కుర్చీలోనే ఇరవై నిమిషాల కునుకు, 1.15కి లేచి మొహం కడుక్కోవాలి. కునుకు అరగంట దాటితే లేచాక ఇంకో అరగంట మత్తు వదలదు. రెండు వారాలు ఇలా చేస్తే రెండింటికి నిద్ర రావడం తగ్గుతుంది. పరీక్ష ముందు వారంలో మొదలుపెడితే లాభం లేదు.

ఈ రూములో రోజుని ఇలా పంచుకోవచ్చు. 6 నుంచి 9 దాకా కొత్త చాప్టరు, అదీ ఒకే సబ్జెక్టు. టిఫిను తర్వాత 9.45 నుంచి 12 దాకా ముందురోజు చదివినదాని మీద లెక్కలు. 2 నుంచి 5 దాకా రాత. 5.45 నుంచి 7 దాకా రాసింది దిద్దుకోవడం. రాత్రి 8 నుంచి 9.30 దాకా పుస్తకం మూసి లా సెక్షన్లు, ఆడిటింగ్ పాయింట్లు గుర్తు తెచ్చుకుని కాగితం మీద పెట్టడం. మొత్తం పదకొండు గంటలు. పద్నాలుగు గంటల చార్టు గోడకి అంటించేవాళ్లు నాలుగో రోజుకి దాని వైపు చూడటం మానేస్తారు. బుధవారం రాత్రి గంటన్నర, ఆదివారం మధ్యాహ్నం నుంచి పూర్తిగా, ఏ పనీ రాయకుండా ఖాళీ వదలండి. తప్పిపోయింది అక్కడ వెళ్లాలి గానీ మర్నాటి చార్టులోకి కాదు. ఇవాళ మిగిలింది రేపటికి, రేపటిది ఎల్లుండికి తోస్తూ పోతే పది రోజులకి చార్టే అప్పుల పద్దు అయిపోతుంది.

మొదటి రోజే మూడు గంటలు రాయాలని కూర్చోకండి. మొదటి రెండు వారాలు 14 మార్కుల ప్రశ్నలు రెండు, 56 నిమిషాలు చాలు. మిగతా టైములో లెక్కలు చేసుకోవచ్చు. మూడో వారం నుంచి 70 మార్కుల రాత భాగం. ఆఖరి ఆరు వారాల్లో వారానికి మూడు పూర్తి పేపర్లు, 1.45 నుంచి లెక్కగా. 180 నిమిషాల్లో 30 మార్కుల ఎంసీక్యూలకి (ఇచ్చిన జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునే ప్రశ్నలకి) నలభై నిమిషాలు తీసేస్తే 140 నిమిషాలకి 70 మార్కులు మిగులుతాయి, అంటే మార్కుకి రెండు నిమిషాలు. 14 మార్కుల ప్రశ్న 28వ నిమిషంలో ఆపేయాలి, బ్యాలెన్స్ షీటు టాలీ అయినా కాకపోయినా. తేడా ఎక్కడుందో వెతకడానికి పోయే పావుగంట ఇంకో ఏడు మార్కుల ప్రశ్నని మింగేస్తుంది. వర్కింగ్ నోట్సు సరిగ్గా ఉంటే వాటి మార్కులు వాటికొస్తాయి. ఇంటర్ ఎంసీక్యూలకి నెగెటివ్ మార్కులు లేవు, ఏదీ వదలొద్దు. సీఏ మొదటి మెట్టయిన ఫౌండేషన్‌లో 3వ, 4వ పేపర్లకి తప్పుకి పావు మార్కు పోతుంది, అక్కడ గుడ్డిగా గుర్తుపెట్టకూడదు. టైము చూసుకోడానికి ముళ్లున్న చేతిగడియారం తెచ్చుకోండి. ఈ రూములో గోడ గడియారం వెనకవైపు ఉంది, మాటిమాటికీ మెడ తిప్పాలి.

రాయడానికి పేపర్లు కొనక్కర్లేదు. సీఏ పరీక్షలు పెట్టే ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైటులో మాక్ టెస్ట్ పేపర్లు, ఆర్‌టీపీలు (రివిజన్ టెస్ట్ పేపర్లు), పాత పేపర్ల జవాబులు ఉచితంగా ఉంటాయి. కింద జెరాక్స్ షాపు పనికొచ్చేది ఇక్కడే. ప్రశ్నలు ఒకరోజు, జవాబులు ఇంకోరోజు ప్రింటు తీయించండి. రెండూ ఒకే కవర్లో ఉంటే చెయ్యి ఆగదు.

దిద్దుకునేటప్పుడు ఎర్రపెన్నుతో మార్కు వేస్తే సరిపోదు. మార్కు ఎందుకు పోయిందో అంచున ఒక్క అక్షరం రాయండి: తెలియకపోతే ‘తె’, చదివి మర్చిపోతే ‘మ’, లెక్క తప్పితే ‘లె’, టైము చాలకపోతే ‘టై’. శనివారం కూర్చుని లెక్కేస్తే దేనికి ఏం చేయాలో కనిపిస్తుంది. ‘తె’ ఎక్కువైతే ఆ చాప్టరు ఉదయం ఆరు గంటల చోటుకి తిరిగి వెళ్తుంది. ‘మ’ అయితే రాత్రి గంటన్నర సరిగ్గా జరగడం లేదన్నమాట. ‘లె’ ఎక్కువ వచ్చేవాళ్లు తరచూ కాలిక్యులేటరు మెమరీ బటన్లు వాడనివాళ్లే. మార్కులు పోయిన ప్రశ్నని ఏడో రోజు ఒకసారి, ఇరవయ్యొకటో రోజు ఇంకోసారి మళ్లీ రాయాలి, చదివి సరిపెట్టుకోకూడదు.

రూము వాళ్లు గర్వంగా చూపించేది వేలిముద్ర హాజరు. ఎవరు ఎన్ని గంటలున్నారో నెలాఖరున వాట్సాప్ గ్రూపులో పెడతారు, మొదటి ముగ్గురికీ చప్పట్లు. మాకు ఇది నచ్చలేదు. ఆ లెక్క కుర్చీ నిండిన గంటలది, కుర్చీలో రాసిన మార్కులది కాదు. వైఫై ఉచితం కాబట్టి 240 గంటల హాజరులో వీడియో క్లాసులు ఎన్ని, క్లాసు పక్కన తెరిచిన రీల్సు ఎన్ని అన్నది ఎవరూ అడగరు. మీ పుస్తకం వెనక అట్ట మీద మీ లెక్క వేరే పెట్టుకోండి: ఇవాళ ఎన్ని మార్కుల ప్రశ్నలు రాశాను, ఎన్ని వచ్చాయి. పాసవ్వాలంటే పేపరుకి కనీసం 40, మూడు పేపర్ల గ్రూపు మొత్తానికి సగం, అంటే 300కి 150 కావాలి కాబట్టి ఏ పేపరు ఎక్కడుందో విడివిడిగా తెలియాలి. వంద రూపాయల లాకరు తీసుకుని ఫోను అందులో పడేస్తే అదే ఈ రూములో అన్నింటికన్నా చవకైన సౌకర్యం.

11 గంటల టీ గురించి ఒక్కమాట. ఎదురుగా టీ కొట్టు ఉంది, టీ బాగుంటుంది. ఇద్దరు వెళ్తే పది నిమిషాలు, ఆరుగురు వెళ్తే నలభై.

ఆడిటరు ఆఫీసులో పూటపని చేస్తూ చదివేవాళ్లకి రెండో షిఫ్టు సరిపోతుంది. నెలలో 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్‌టీ రిటర్నుల గడువులు వస్తాయి కాబట్టి ఆ ముందు రెండేసి రోజులు రాత తగ్గించి ముందే చార్టులో వేసుకోండి. సెప్టెంబరు అటెంప్టు పెట్టుకున్నవాళ్లకి అదే నెలాఖరు టాక్స్ ఆడిట్ పని మీద పడుతుంది. ఆ విషయం జూన్‌లోనే ఆఫీసులో మాట్లాడి పెట్టుకోవాలి.

ఇప్పుడు ఇంటర్ ఏడాదికి మూడుసార్లు జరుగుతోంది, అందులో ఒకటి జనవరిలో. 2025లో గ్రూప్-1 పేపర్లు జనవరి 11, 13, 15 తేదీల్లో పడ్డాయి: భోగి నాడు లా, కనుమ నాడు టాక్సేషన్. పండక్కి భీమవరం చుట్టుపక్కల బరుల సందడి, మైకులు, ఇంటినిండా చుట్టాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. సరిగ్గా పండగ మూడు రోజులూ ఈ రూము మూసేస్తారు. జనవరి అటెంప్టు రాసేవాళ్లు డిసెంబరు ఫీజు కట్టేటప్పుడే తాళం ఎవరి దగ్గరుంటుందో, పండగ రోజుల్లో తీస్తారో లేదో తేల్చుకోవాలి. కేర్‌టేకరుని అడిగితే, “ఐదుగురుంటే తీస్తానండి, ఒక్కళ్ల కోసం అయితే కష్టం” అన్నాడు. ఐదుగుర్ని ముందే పోగు చేసుకోండి.

మొత్తానికి రోజంతా పాసు తీసుకుని, కిటికీ చివర 32 అంగుళాల సీటు దొరికితే 1,500 దండగ కాదు. అది దొరక్కపోతే ఉదయం ఇంట్లో చదువుకుని రెండో షిఫ్టుకి 900 కట్టడం మేలు. కానీ 1.40కే లోపలికి రానిస్తారా అని డబ్బు ఇవ్వకముందే అడగండి. అడిగినవాళ్లని రానిస్తున్నారు, బోర్డు మీద మాత్రం ఆ మాట రాయలేదు.